పెట్టె మీద వాట్లు, లోపల మిల్లీసెకన్లు

గేమింగ్ కంప్యూటర్ కోసం షాపులో కొటేషన్ రాయించుకుంటే ప్రాసెసర్ పేరు చివరి అక్షరం దాకా రాసిస్తారు. గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీది, ఎన్ని జీబీలది, దానికెన్ని ఫ్యాన్లు అన్నవీ ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు '550 వాట్' అని ఒక్క ముక్కే. కంపెనీ ఉండదు, మోడల్ ఉండదు. క్యాబినెట్‌తో పాటే వస్తుందంటే ఆ ముక్క కూడా ఉండదు. లక్ష రూపాయల మిషన్‌లో ప్రతి చిప్పూ నడిచేది ఆ డబ్బా ఇచ్చే కరెంటు మీదే. అది పోయేటప్పుడు ఒక్కోసారి మదర్‌బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ వెంట తీసుకుపోతుంది. ఇంత ముఖ్యమైన భాగాన్ని ఇంత అశ్రద్ధగా కొనడం నాకు బాధగా ఉంటుంది.

మంచి ఎస్‌ఎంపీఎస్‌కూ నాసిరకానికీ తేడా మామూలు రోజుల్లో తెలియదు. రెండూ కంప్యూటర్‌ను ఆన్ చేస్తాయి, రెండింటి మీదా గేమ్ నడుస్తుంది. కరెంటు రెప్పపాటు పోయివచ్చినప్పుడు, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ లాగినప్పుడు, లోపల ఎక్కడో షార్ట్ అయినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఘడియల లెక్కంతా మిల్లీసెకన్లలో ఉంటుంది. పెట్టె మీద మాత్రం వాట్లే అచ్చువేస్తారు.

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్‌కు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఎస్‌ఎంపీఎస్ ముందు ఏసీని డీసీగా మార్చి, 380 నుంచి 400 వోల్టుల వరకూ పెంచి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నిల్వ చేస్తుంది. ఆ డీసీని మాస్‌ఫెట్ స్విచ్‌లు సెకనుకు వేల సార్లు, కొన్నింటిలో లక్ష సార్లకు పైగా, ఆన్ చేసి ఆఫ్ చేస్తూ ముక్కలుగా కోస్తాయి. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటుకైతే కిలోల బరువున్న ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంత వేగంగా ఊగేదానికి అరచేతిలో ఇమిడే ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అందులోంచి దిగిన కరెంటును మళ్లీ డీసీ చేసి, అలలు లేకుండా వడగట్టి మదర్‌బోర్డుకు పంపుతుంది. 12 వోల్టుల లైను 12కి మరీ దిగువకు పడిపోకూడదు, 12.6 కంటే పెరగకూడదు. దాని మీద మిగిలే అల 120 మిల్లీవోల్టులు దాటకూడదు. ఇంటెల్ రాసిన ఏటీఎక్స్ ప్రమాణం చెప్పేది ఇదే.

కొనేముందు డబ్బా పక్కన అంటించిన లేబుల్ చదవాలి. అందులో చిన్న పట్టిక ఉంటుంది: ఒక్కో వోల్టేజీ కింద ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో. ప్రాసెసర్‌కైనా, గ్రాఫిక్స్ కార్డుకైనా పెద్ద మొత్తంలో కరెంటు వెళ్లేది 12 వోల్టుల లైను నుంచే. కాబట్టి ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణించండి. 62.5 ఆంపియర్లు ఉంటే 750 వాట్లు, అది నిజంగా 750 వాట్ల సరుకే. పైన '450 వాట్' అని పెద్దక్షరాలతో ఉండి, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లే ఉంటే వచ్చేది 216 వాట్లు. మిగతా వాట్లను 5, 3.3 వోల్టుల లైన్లలో చూపించి కలుపుతారు. ఇప్పటి కంప్యూటర్ ఆ లైన్లను పెద్దగా వాడుకోదు. ఆ పట్టికే లేని డబ్బాను కౌంటర్ మీదే వదిలేసి రండి.

ఎన్ని వాట్లు కావాలన్నది అంత కష్టమైన లెక్క కాదు. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గట్టిగా పనిచేసినప్పుడు 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకున్నా 265 దాటదు. మంచి 550 వాట్ల సప్లై దీనికి ధారాళంగా సరిపోతుంది. ఇదే మిషన్‌కు 850 వాట్లు కావాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ డబ్బును వాట్లకు బదులు నాణ్యత మీద పెట్టండి. ఆర్‌టీఎక్స్ 4090 సంగతి వేరు. అదొక్కటే 450 వాట్ల కార్డు, ఎన్‌విడియా స్వయంగా 850 వాట్ల సప్లై సిఫార్సు చేసింది.

సగటు లెక్క సరిపోయినా ఆట మధ్యలో కంప్యూటర్ టప్పున ఆరిపోవడం కొందరికి అనుభవమే. గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగేది సాఫీగా కాదు. తెర మీద దృశ్యం ఉన్నట్టుండి మారినప్పుడు వేలాది కోర్లు ఒకేసారి మేలుకుంటాయి. అప్పుడు సెకనులో పదివేలో వంతు కాలం పాటు కార్డు తన మామూలు వాడకానికి రెట్టింపు దాకా లాగవచ్చు. సప్లైలోని రక్షణ వ్యవస్థ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని ఆపేస్తుంది. ఈ గొడవ తీర్చడానికే ఇంటెల్ 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం తెచ్చింది. కొత్త గ్రాఫిక్స్ కనెక్టర్ (12వీహెచ్‌పీడబ్ల్యూఆర్) ఉన్న పెద్ద సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు ఆరిపోకుండా తట్టుకోవాలన్నది అందులో షరతు. ఇవాళ కొత్తది కొంటూ ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ కానిది తీసుకోవడంలో అర్థం లేదు.

అలాగని ఎంత లోడు పడినా ఆగకుండా ఇస్తూ పోయేది గొప్పదనుకోకూడదు. 2021లో గిగాబైట్ కంపెనీ పీ750జీఎం, పీ850జీఎం మోడళ్ల విషయంలో జరిగింది చూడండి. గ్రాఫిక్స్ కార్డులు దొరకని ఆ రోజుల్లో అమెరికాలో న్యూఎగ్ సంస్థ వీటిని కార్డులతో జతచేసి అమ్మింది. కొన్నవాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. హార్డ్‌వేర్‌ను సమీక్షించే గేమర్స్ నెక్సస్ చానెల్ చేసిన పరీక్షల్లో కొన్ని డబ్బాలు పెద్ద చప్పుడుతో పేలాయి. వీటిలో ఓవర్ పవర్ రక్షణ లేదా అంటే ఉంది. కానీ అది మేలుకునే గీతను 120 నుంచి 150 శాతం దగ్గర పెట్టారు. అంటే 750 వాట్ల సప్లై 1125 వాట్ల దాకా నోరుమూసుకుని ఇస్తూ పోవచ్చు, ఆలోపే లోపలి స్విచ్‌లు కాలిపోవచ్చు. ఆ ఆగస్టులో కంపెనీ ఆ గీతను 110 నుంచి 120 శాతానికి దించినట్టు ప్రకటించి, పాత సరుకును మార్చి ఇస్తామంది. వీటి మీదా 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉంది. ఆ ముద్ర తప్పు కాదు, దాని పని వేరు.

2004లో మొదలైన 80 ప్లస్ కొలిచేది ముఖ్యంగా ఎఫిషియెన్సీని, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతోందన్నదాన్ని. సగం లోడు మీద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం ఉండాలి. 400 వాట్ల లోడు మీద బ్రాంజ్ దాదాపు 70 వాట్లు వేడిగా పోగొడితే గోల్డ్ 44 వాట్లు పోగొడుతుంది. రోజుకు 5 గంటలు ఆడేవాళ్లకు ఏడాదికి 47 యూనిట్లు మిగులుతాయి. బిల్లులో అదేమంత పెద్ద మొత్తం కాదు. గోల్డ్ తీసుకోమని నేను చెప్పేది ఆ తగ్గిన 26 వాట్ల వేడి కోసం.

ఎందుకంటే 80 ప్లస్ పరీక్షలు 23 డిగ్రీల గదిలో చేస్తారు. మన మే నెల గదుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. సప్లైలో ముందుగా ముసలిదయ్యేది ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్. లోపలి ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేసే కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 8000 గంటలు నిలుస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున మూడేళ్లు కూడా రాదు. అదే 105 డిగ్రీల రకమైతే అదే వేడిలో 32,000 గంటలు, పదేళ్ల పైమాటే. రెంటి మధ్య ధర తేడా తయారీదారుకు రూపాయల్లో ఉంటుంది. నిప్పాన్ కెమికాన్, నిచికాన్, రూబికాన్ లాంటి జపాన్ కెపాసిటర్లు వాడామని కొన్ని కంపెనీలు పెట్టె మీద ప్రత్యేకంగా చెప్పుకునేది అందుకే. పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 50 డిగ్రీల దగ్గర ఇస్తుందా అన్నది కూడా స్పెసిఫికేషన్లలో ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్లు 50 అని రాసినదే తీసుకోవాలి.

ఇక కరెంటు కోతలు. పెద్ద కెపాసిటర్ గురించి ముందు చెప్పాను కదా, అది మిద్దె మీది నీళ్ల ట్యాంకులా పనిచేస్తుంది. పైనుంచి సరఫరా ఆగినా ఉన్న నిల్వతో కాసేపు నడిపిస్తుంది. ఆ కాసేపు ఎంత? ఏటీఎక్స్ 3.0 ప్రకారం పూర్తి లోడు మీద 17 మిల్లీసెకన్లు. మన కరెంటు ఒక్క ఊగు ఊగడానికి పట్టేది 20 మిల్లీసెకన్లు. అంటే ఒక్క ఊపు కూడా పూర్తిగా దాటదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే లైను నుంచి బ్యాటరీకి మారడానికి కొంత సమయం తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో మారడం వేగంగా, సాధారణంగా 10 మిల్లీసెకన్ల అటూఇటూగా జరుగుతుంది, కంప్యూటర్‌కు తెలియనే తెలియదు. నార్మల్ మోడ్‌లో ఆలస్యం ఎక్కువ. ఫ్యాన్లకూ లైట్లకూ పరవాలేదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని షాపుకు మోసుకెళ్లేముందు ఆ స్విచ్ ఒకసారి చూడండి.

2023లో వచ్చిన ఏటీఎక్స్ 3.1 పూర్తి లోడు మీద ఈ వ్యవధిని 12 మిల్లీసెకన్లకు తగ్గించింది. చిన్న కెపాసిటర్‌తో సరిపెట్టుకునే వెసులుబాటు తయారీదారులకు దొరికింది. తరచూ కరెంటు పోయే చోట నా దృష్టిలో ఇది వెనకడుగే. అందుకే రివ్యూల్లో హోల్డ్ అప్ టైమ్ కొలిచి ఇచ్చిన అంకె వెతుకుతాను. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ ల్యాబ్ ఒక్కో మోడల్‌ను పరీక్షించి ఇలాంటి వివరాలతో నివేదికలు పెడుతుంది. అయితే 3.1లో ఒక మేలూ ఉంది. 4090 కార్డులతో వచ్చిన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్లు కొన్ని కరిగిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. దాని స్థానంలో తెచ్చిన 12వీ-2×6లో సెన్స్ పిన్నులను పొట్టివి చేశారు. ప్లగ్ లోపలిదాకా కూర్చోకపోతే ఆ పిన్నులు తగలవు, కార్డు కరెంటు లాగదు.

ఇన్వర్టర్‌ది స్క్వేర్ వేవ్ అయితే మరో చిక్కు. మంచి సప్లైలన్నింటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. అది లోపలికి తీసుకునే కరెంటును వోల్టేజీ ఊగే తీరుకు సరిగ్గా జత కలుపుతుంది. సైన్ వేవ్ బదులు మెట్లుమెట్లుగా ఎగిరిపడే వోల్టేజీ వస్తే ఆ జత కుదరక గుయ్యిమని మోత పెట్టవచ్చు, ఆరిపోవచ్చు. ఇన్వర్టర్ కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ ఉన్నదే కొనాలి.

క్యాబినెట్ ఇనుము తాకితే జివ్వుమంటోందని చాలామంది అంటుంటారు, ముఖ్యంగా చెప్పుల్లేకుండా నేల మీద నిలబడినప్పుడు. ఎస్‌ఎంపీఎస్ మొదట్లోనే విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఇంట్లో ఎర్త్ సరిగా ఉంటే అటుగా వచ్చిన కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ రెండింటి మధ్యలో చిక్కుకున్న బాడీ 230లో సగానికి, సుమారు 115 వోల్టులకు చేరుతుంది. ప్రవహించేది మిల్లీఆంపియర్ లోపే కాబట్టి జివ్వుమంటుందే తప్ప ప్రాణం తీయదు. కానీ రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు నేరుగా బాడీకి తగిలితే దాన్ని దారి మళ్లించే ఎర్త్ మీ ఇంట్లో లేదని అది చెబుతోంది. సప్లై మారిస్తే ఈ జివ్వు పోదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల దానిలోకి మార్చే అడాప్టర్ తీసేయండి. ఎలెక్ట్రీషియన్‌తో సాకెట్‌లో పై రంధ్రానికి ఎర్త్ అందుతోందో లేదో చూపించండి. ఉప్పు, బొగ్గు వేసి తీసిన పాత ఎర్త్ గుంత అయితే ఎండాకాలంలో నీళ్లు పోస్తుండాలి. తడి ఆరిన మట్టి కరెంటును సరిగా తీసుకోదు.

బ్రాండ్ పేరొక్కటే చూసి కొనడం కుదరదు. పెట్టె మీద పేరున్న కంపెనీలు చాలా వరకు సప్లైని తాము తయారుచేయవు. సీడబ్ల్యూటీ, సూపర్ ఫ్లవర్, గ్రేట్ వాల్ లాంటి కార్ఖానాల్లో చేయిస్తాయి. సీసానిక్ లాగా సొంతంగా చేసుకునేవి కొన్నే. ఒకే బ్రాండ్‌లో ఒక సిరీస్ ఆణిముత్యం, ఇంకోటి అంతంతమాత్రం కావడం మామూలే. చూడాల్సింది మోడల్ పేరు, ఆ మోడల్‌ను ఎవరైనా నిజంగా లోడు పెట్టి, షార్ట్ చేసి పరీక్షించారా అన్నది. వారంటీ కూడా మంచి గుర్తే. తన సరుకు మీద నమ్మకం ఉన్నవాడు 7, 10 ఏళ్లు ఇస్తాడు. బిల్లులో మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి.

బిగించేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కున్న రెండు తలలు పెట్టేకన్నా రెండు విడి కేబుళ్లు వాడండి. ఒక్కో సాకెట్‌ను 150 వాట్లకు ఉద్దేశించారు. మాడ్యులర్ సప్లై మార్చేటప్పుడు, పాత కేబుళ్లు చక్కగా సర్ది ఉన్నాయి కదా, డబ్బా మాత్రం మారుద్దామనిపిస్తుంది. అలా ఎప్పుడూ చేయొద్దు. మదర్‌బోర్డు వైపు పిన్నుల వరసకు ప్రమాణం ఉంది, సప్లై వైపు వరసకు లేదు. ఒకే కంపెనీలోనూ సిరీస్‌ను బట్టి మారుతుంది. ప్లగ్ పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 5 వోల్టులు రావాల్సిన తీగలో 12 వస్తే ఎస్‌ఎస్‌డీలు, హార్డ్‌డిస్కులు క్షణంలో పోతాయి, వాటిలోని ఫోటోలతో సహా. పాత కేబుళ్లన్నీ తీసి పాత సప్లైతో కలిపి దాని పెట్టెలోనే పెట్టేయండి.