సైన్ చేసిన మెయిల్ పంపుతుంటే ‘పర్మిషన్ డినైడ్’ వస్తోందా?

ఈరోజు నేను చేసిన ఒక తిక్క పని గురించి చెప్తాను.

నా మొదటి ఉద్యోగంలో కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. అందులో డెబియన్ లైనక్స్. పాత దాంట్లోని జీపీజీ కీస్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ‘సుడో’ పెట్టి కాపీ కొట్టేశా. ఆ రాత్రే క్లయింట్‌కి సర్వర్ పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ చేసి, సైన్ చేసి పంపాలి. సెండ్ నొక్కితే ‘పర్మిషన్ డినైడ్’! సర్వర్ ఒప్పుకోవట్లేదేమో అనుకుని గంటసేపు మెయిల్ సెట్టింగ్స్ కెలుకుతూ కూర్చున్నా.

అసలు మెయిల్ నా ల్యాప్‌టాప్ దాటనే లేదు. ఎన్‌క్రిప్ట్ చేయడానికి అవతలివాళ్ల పబ్లిక్ కీ కావాలి, సైన్ చేయడానికి మన ప్రైవేట్ కీ కావాలి. ఆ ప్రైవేట్ కీ హోమ్‌లో ‘డాట్ జీఎన్‌యూపీజీ’ అనే దాగి ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది. సుడోతో కాపీ చేశాను కాబట్టి దాని ఓనర్ ‘రూట్’ అయిపోయాడు. బీరువా మన గదిలోనే ఉంది, తాళం మాత్రం ఇంటి ఓనర్ దగ్గర!

ఇక్కడే అందరూ రెండు తప్పులు చేస్తారు. నేనూ రెండూ చేశా. జీపీజీనే సుడోతో నడిపా. అది రూట్ సొంత ఫోల్డర్‌లో వెతికి ‘నో సీక్రెట్ కీ’ అంది. తర్వాత మొత్తం ఫోల్డర్‌కి 777 కొట్టా. పని చేసింది! అదే ప్రమాదం. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకో ఇద్దరికి లాగిన్లు ఉన్నాయి. వాళ్లు కీ ఫైల్‌ని హాయిగా కాపీ చేసుకోవచ్చు, ఇక మిగిలిన కాపలా పాస్‌ఫ్రేజ్ ఒక్కటే.

సరైన దారి ఇది. ముందు ‘సీహెచ్‌ఓన్’తో ఫోల్డర్‌నీ, లోపలున్నవన్నిటినీ మీ పేరు మీదకి మార్చండి. తర్వాత ఫోల్డర్లకి 700, ఫైళ్లకి 600. తొందరపడి అన్నిటికీ కలిపి 600 ఇవ్వకండి, ఆ పర్మిషన్‌తో ఫోల్డర్ లోపలికి మీరే వెళ్లలేరు. జీపీజీ ఏజెంట్‌ని ఆపి మళ్లీ మొదలవనివ్వండి. మెయిల్ యాప్ జోలికి వెళ్లకుండా, టెర్మినల్‌లోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌ని సైన్ చేసి చూడండి. అది సైన్ అయితే కీ వైపు బాగున్నట్టే, ఇక వెతకాల్సింది మెయిల్ యాప్‌లోనే.

ఫోన్‌లో కే-9 మెయిల్‌తో ఓపెన్‌కీచెయిన్ వాడేవాళ్లకి కథ ఇంకా చిన్నది. కీ వాడుకోవచ్చా అని మెయిల్ యాప్ అడిగినప్పుడు వద్దని నొక్కేసి ఉంటారు. ఓపెన్‌కీచెయిన్‌లో యాప్స్ లిస్ట్ చూడండి.

నా విషయానికొస్తే, ఆ 777 ఎంతసేపు అలా ఉందో నాకే గుర్తులేదు. అందుకే రివోకేషన్ సర్టిఫికెట్‌తో పాత కీని రద్దు చేసి, కొత్తది తయారు చేశా. క్లయింట్‌కి ఫోన్ చేసి, కొత్త ఫింగర్‌ప్రింట్‌లోని 40 అక్షరాలూ చదివి వినిపించా. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటీ సరిచూసుకున్నారు. పాస్‌వర్డ్‌ల మెయిల్ ఆ తర్వాతే వెళ్లింది.