బరువు తగ్గుటకు వేగమా, నియమమా?

హైదరాబాదు పాతనగరములోని బార్కస్, నిజాము కొలువునందలి అరబ్బు సైనికుల బారకాసుల వలన ఆ పేరు పొందినది; కుస్తీకి ప్రసిద్ధి కెక్కినది. అచ్చట చెమటోడ్చి దండీలు, బస్కీలు తీయు యువకుని చూచి, మోకాళ్ల నొప్పితో మెల్లగా నడచు పెద్దలు తమ శ్రమ వృథాయని నిరాశ చెందవలెనా? అక్కరలేదని మా మనవి.

నెమ్మది నడకలో దేహము వాడుకొను ఇంధనమున క్రొవ్వు పాలు హెచ్చు; తీవ్రశ్రమలో పిండిపదార్థముల పాలు హెచ్చు. అయినను బరువును నిర్ణయించునది ఆ పాళ్లు కావు. మనము భుజించిన శక్తికిని, వ్యయించిన శక్తికిని గల భేదమే. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తిన సుమారు 350 కేలరీలు, అంతదూరము చురుకుగా నడచిన సుమారు 250 కేలరీలు వ్యయమగును. పరుగునకు అరగంట, నడకకు గంట. బరువు విషయమున తీవ్రత వలని ముఖ్యలాభము కాలము కలిసివచ్చుటయే. బార్కసులో నేడు పేరుపడిన మండీ అన్నము ఒక పళ్లెము ఈ లెక్కను పావుగంటలో తారుమారు చేయగలదు. తాలీము మానియు పహిల్వాను భోజనము మాననివాడు లావెక్కుట ఇందుచేతనే.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామముగాని, 75 నుండి 150 నిమిషముల తీవ్రవ్యాయామముగాని సూచించినది. మాటలాడగలిగియు పాడలేని వేగము మధ్యమము. మోకాళ్లు ఓర్చు వేగమును ఎన్నుకొని, ఏడాది పొడుగున దానిని విడువకుండుటయే మేలు.