టి కణాలను పట్టిచ్చే మెరిసే యాంటీబాడీలు

రక్తంలోని లింఫోసైట్లు అనే రక్షణ కణాలను సూక్ష్మదర్శిని కింద ఎంత నిశితంగా పరిశీలించినా, పెద్ద గుండ్రని కేంద్రకం, దాని చుట్టూ సన్నని అంచులా కణద్రవ్యం తప్ప మరేమీ కనిపించదు కాబట్టి, వాటిలో టి కణమేదో, బి కణమేదో ఆకారాన్ని బట్టి తేల్చడం సాధ్యం కాదు. వాటి తేడా ఉపరితలంపై ఉండే ప్రోటీన్లలో తెలుస్తుంది. 1982లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నాటి నుంచి ఈ ప్రోటీన్లకు సీడీ అనే అక్షరాల పక్కన ఒక సంఖ్య చేర్చి పేరు పెడుతున్నారు. పరిపక్వ టి కణాలన్నింటిపైనా సీడీ3 ఉంటుంది. వాటిలో ఇతర రక్షణ కణాలకు తోడ్పడే సహాయక కణాలపై సీడీ4, వైరస్ సోకిన కణాలను చంపే కణాలపై సీడీ8 ఉంటాయి.

ఒక్కొక్క ప్రోటీన్‌ను గుర్తుపట్టి దానికే అతుక్కునే యాంటీబాడీకి, కాంతి పడగానే మెరిసే రంగును జోడిస్తే, ఆ ప్రోటీన్ ఉన్న కణం తన ఉనికిని తానే చాటుతుంది. యాంటీబాడీకి ఇలాంటి రంగును జోడించవచ్చని 1941లోనే ఆల్బర్ట్ కూన్స్ బృందం చూపినా, ఒకే లక్ష్యానికి అతుక్కునే యాంటీబాడీలను కావలసినంత తయారుచేసుకునే మార్గం 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌ల పరిశోధనతోనే దొరికింది. ఆ మోనోక్లోనల్ యాంటీబాడీల ఆవిష్కరణకు వారిద్దరూ 1984లో నీల్స్ యెర్నేతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఈ మెరిసే యాంటీబాడీలతో చేసే పరీక్షలో, గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన కొద్దిపాటి రక్తంలో యాంటీబాడీలను వేసి, వెలుతురుకు రంగు క్షీణించకుండా చీకటిలో పావుగంట నుంచి అరగంట వరకు ఉంచి, ఆ తరువాత ఎర్ర రక్తకణాలను ఒక ద్రావణంతో పగలగొట్టి యంత్రానికి అందిస్తారు. ఫ్లో సైటోమీటర్ అనే ఆ యంత్రంలో కణాలు సన్నని ద్రవధారలో ఒకదాని వెనుక ఒకటిగా సాగుతూ 488 నానోమీటర్ల నీలి లేజర్ ముందు నుంచి వెళతాయి. ముందుకు చెదిరిన కాంతి కణం పరిమాణాన్ని, పక్కకు చెదిరిన కాంతి దాని లోపలి రేణువులను సూచిస్తే, ఫ్లోరసీన్ అనే రంగు ఆకుపచ్చగా, ఎర్ర శైవలాల నుంచి లభించే ఫైకోఎరిత్రిన్ పసుపు-నారింజ ఛాయలో మెరుస్తూ ఏ ప్రోటీన్ ఉందో చెబుతాయి. ఆకుపచ్చ కాంతిలో కొంత భాగం ఫైకోఎరిత్రిన్ కాంతిని కొలిచే గ్రాహకంలోకీ చొరబడుతుంది కాబట్టి, ఒక్క రంగు మాత్రమే వేసిన నమూనాలతో ఆ చొరబాటును కొలిచి లెక్కలోంచి తీసివేయడం తప్పనిసరి.

అంతకన్నా ముఖ్యంగా పాటించవలసిన నియమం, ఏ ఒక్క గుర్తునూ నమ్మి కణానికి పేరు పెట్టకపోవడం. మోనోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాలపై కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది. సహజ సంహారక కణాలు కొన్నింటిపై సీడీ8 కనిపిస్తుంది. అందువల్ల సీడీ4తో పాటు సీడీ3 కూడా ఉన్న కణాన్నే సహాయక టి కణంగా లెక్కిస్తారు.

ఈ జాగ్రత్త విలువ హెచ్‌ఐవీ వైద్యంలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ వైరస్ సీడీ4 ప్రోటీన్‌ను పట్టుకునే కణంలోకి ప్రవేశిస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దలలో మైక్రోలీటరు రక్తానికి సాధారణంగా 500 నుంచి 1500 వరకు ఉండే సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే, ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. 2004 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో సహా హెచ్‌ఐవీ తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉచిత ఏఆర్‌టీ (యాంటీరెట్రోవైరల్) చికిత్స మొదలైనప్పుడు, ఎవరికి ముందుగా మందులివ్వాలో నిర్ణయించడంలో ఈ సంఖ్యే కీలకమైంది. 2017 నుంచి హెచ్‌ఐవీ ఉన్న వారందరికీ మందులు ఇస్తున్నా, ఎవరికి అదనపు రక్షణ అవసరమో ఈ పరీక్షే చెబుతోంది కాబట్టి, రెండు గుర్తులను సరిచూసి కణాన్ని లెక్కించే ప్రయోగశాల శ్రద్ధ కూడా చికిత్సలో భాగమే.