నెత్తురు చెప్పు సాక్ష్యము

“ఇక ముందు నేను నడవగలనా?” మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిగ్రస్తులు వైద్యుని అడుగు ప్రశ్న ఇది. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో ఈ వ్యాధిని స్పష్టముగా వర్ణించెను. ఇందులో శరీర రక్షణవ్యవస్థయే పొరపడి, మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువులపై నుండు మైలీను తొడుగును దెబ్బతీయును.

తంతువే దెబ్బతిన్నపుడు, అందలి న్యూరోఫిలమెంటు అను మాంసకృత్తు మెదడు చుట్టునున్న ద్రవములోనికి, అందుండి అత్యల్పముగా నెత్తుటిలోనికి చేరును. గ్రాములో లక్షకోటవ వంతుల లెక్కన దానిని మనము నేడు కొలువగలుగుచున్నాము. కొలత పెరిగినచో నాడులకు క్రొత్తగా హాని జరుగుచున్నదనియు, చికిత్స పిదప తగ్గినచో మందు పనిచేయుచున్నదనియు ఊహింపవచ్చును.

కాని వయసు పైబడినను, తలకు దెబ్బ తగిలినను, పక్షవాతము వచ్చినను ఈ కొలత హెచ్చును. పొగను చూచి నిప్పున్నదని గ్రహింతుము. ఏ యిల్లు కాలుచున్నదో, ఎంత మిగులునో పొగ చెప్పదు. కావున ఎం.ఆర్.ఐ. చిత్రములతోను, వైద్యుని పరిశీలనతోను కలిపి, పలుమార్లు కొలిచి చూచినపుడే దానికి విలువ.

నడవగలనా అను ప్రశ్నకు ఒక్క నెత్తుటి పరీక్షతో మనము బదులు చెప్పజాలము. మందు మార్చవలెనా అని వైద్యుడు తర్కించునపుడు మాత్రము అది సాక్ష్యమీయగలదు.