కొత్త భాగము చేర్చిన పాత కంప్యూటరు ఏల మేల్కొనదు?

ఒక ఉన్నత పాఠశాలలో సుమారు ఇరువది సంవత్సరముల నాటి కంప్యూటరు ఒకటి ఉన్నదనుకొందము. పదవ తరగతి మార్కుల పట్టికలు, ప్రయోగశాల సామానుల జాబితాలు, పాఠములకై ఉపాధ్యాయుడు సిద్ధపరచుకొన్న చిత్రములు అన్నియు అందలి హార్డు డిస్కులోనే ఉన్నవి. యంత్రము నెమ్మదిగా నడచుచున్నదని ఒక మెమొరీ పలకను, చోటు చాలుట లేదని మరియొక హార్డు డిస్కును తెచ్చి అమర్చినారు. మీట నొక్కగా పంకా తిరిగినది. కాని తెరపై ఏమియు రాలేదు. పెట్టెలోనుండి రెండు మూడు బీప్ ధ్వనులు మాత్రము వినబడినవి. "పాతది గదా, చెడిపోయినది" అని దానిని మూలకు నెట్టుట సులభము. కాని ఇట్టి సందర్భములలో చాలవరకు యంత్రము చెడి ఉండదు. తన కొత్త భాగములలో ఏదో ఒకటి తనకు సరిపడలేదని అది చెప్పుచున్నది. ఆ మాటను అర్థము చేసికొనుట ఎట్లో ఇపుడు చూతము.

మేల్కొనునపుడు జరుగు పనులు

మీట నొక్కిన క్షణమునుండి తెరపై చిత్రములు కనిపించువరకు కంప్యూటరులో పనులు ఒక వరుసలో జరుగును. మొదట పవర్ సప్లై అను విద్యుత్ పెట్టె ఇంటి విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. ఈ వోల్టేజీలు నిలకడ చెందిన పిమ్మట అది "విద్యుత్తు సరిగా ఉన్నది" అని మదర్‌బోర్డునకు ఒక సంకేతము పంపును. ఆ సంకేతము అందువరకు ప్రాసెసరు పని మొదలిడదు.

తరువాత ప్రాసెసరు ఒక నియత స్థానమునుండి మొదటి ఆజ్ఞను చదువును. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో ఈ స్థానపు సంఖ్య 10,48,560. అనగా ఆ ప్రాసెసరు చూడగల 10,48,576 స్థానములకు చివరనుండి పదునారవది. అక్కడ బయాస్ అను చిన్న ప్రోగ్రాము ఉండును. ఇది విద్యుత్తు ఆపినను చెరిగిపోని చిప్పులో వ్రాయబడియుండును. బయాస్ తన చుట్టునున్న భాగములను ఒక్కొక్కటిగా పరీక్షించును. మెమొరీ, తెరకు చిత్రమును పంపు భాగము, కీబోర్డు, డిస్కులు ఇందులోనికి వచ్చును. అన్నియు సరిగా ఉన్నచో డిస్కు మొదటి భాగమును చదివి, పనిని ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించును.

ఈ వరుస తెలిసినచో యంత్రము ఎక్కడ ఆగినదో ఊహింపవచ్చును. తెరకు చిత్రమును పంపు భాగము మేల్కొనక ముందే లోపము కనిపించినచో దానిని తెరపై వ్రాసి చూపుట సాధ్యము కాదు. అందువలననే బయాస్ ధ్వనులతో మాటలాడును. ఈ ధ్వనుల లెక్క అన్ని యంత్రములకు ఒకే విధముగా ఉండదు. అవార్డు, ఎ.ఎం.ఐ., ఫీనిక్స్ మున్నగు బయాస్‌లకు వేరువేరు సంకేతములు కలవు. మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకములో వాని పట్టిక ఉండును. ఎన్ని ధ్వనులు, వానిలో పొడవైనవి ఎన్ని, పొట్టివి ఎన్ని అని కాగితముపై వ్రాసికొనుట మొదటి పని.

మెమొరీ పలక సరిపడకపోవుట

మెమొరీ పలకలు చూచుటకు ఒకే తీరున ఉన్నను, వానిలో తరములు కలవు. డి.డి.ఆర్. పలక 2.5 వోల్టులతోను, డి.డి.ఆర్.2 పలక 1.8 వోల్టులతోను, డి.డి.ఆర్.3 పలక 1.5 వోల్టులతోను పనిచేయును. రెండవ, మూడవ తరముల పలకలు రెండింటికిని 240 స్పర్శకములే ఉన్నను, అంచునందలి గాడి వేరువేరు చోట్ల ఉండును. ఒక తరము పలక వేరొక తరము గూటిలో దిగకుండుటకే ఈ ఏర్పాటు. కావున పలక గూటిలో కూర్చొననిచో బలముగా నొక్కరాదు. మొదట గాడిని సరిచూడవలెను.

తరము ఒకటే అయినను చిక్కు రావచ్చును. పాత మదర్‌బోర్డు ఎంత పరిమాణము గల పలకను గుర్తింపగలదో దానికొక హద్దు ఉండును. ఆ హద్దు దాటిన పలక, దానియందు ఏ దోషము లేకున్నను, ఆ బోర్డునకు పనికిరాదు. అన్నిటికంటె సామాన్యమైన కారణము మాత్రము చాల చిన్నది: పలక గూటిలో పూర్తిగా దిగకపోవుట, లేదా స్పర్శకములపై దుమ్ము, మకిలి చేరుట. పెన్సిలు గీతలు చెరపు మెత్తని రబ్బరుతో స్పర్శకములను నెమ్మదిగా తుడిచి, పొడిని దులిపి, రెండు కొనలయందలి కొక్కెములు బిగిసికొనువరకు నొక్కినచో అనేక యంత్రములు తిరిగి మేల్కొనును.

హార్డు డిస్కుల తగవు

పాత యంత్రములలో ఒకే వెడల్పాటి కేబులునకు రెండు డిస్కులు తగిలింపవచ్చును. వానిలో ఒకటి మాస్టరు, రెండవది స్లేవు కావలెను. డిస్కు వెనుకనున్న జంపరు అను చిన్న తొడుగు స్థానమును బట్టి ఇది నిర్ణయమగును. రెండును మాస్టరులే అయినచో, రెండును ఒకేసారి జవాబు చెప్పబోవును. ఒక్క పేరు పిలువగా ఇద్దరు విద్యార్థులు "ప్రెజెంటు సార్" అన్నట్లుండును. బయాస్‌కు ఏ డిస్కును సరిగా కనిపింపకపోవచ్చును. తరువాతి కాలపు సాటా డిస్కులలో ఒక్కొక్క డిస్కునకు ఒక్కొక్క కేబులు ఉండును గనుక ఈ తగవు లేదు.

కొత్త డిస్కు పరిమాణము గూడ చిక్కు తేవచ్చును. దీనిని తరగతిలో లెక్కగా చేయింపవచ్చును. తొలినాటి బయాస్ ఒక డిస్కులో 1024 సిలిండర్లు, 256 హెడ్లు, 63 సెక్టర్ల వరకు లెక్కింపగలిగినది. డిస్కు పక్షమున 65,536 సిలిండర్లు, 16 హెడ్లు, 255 సెక్టర్లకు అవకాశముండెను. రెండును కలిసి పనిచేయవలెనన్నచో ప్రతి అంశములోను చిన్న సంఖ్యనే తీసికొనవలెను. అనగా 1024 × 16 × 63 సెక్టర్లు. సెక్టరునకు 512 బైట్ల వంతున మొత్తము 52,84,82,304 బైట్లు మాత్రమే. రెండు పక్షములును విడివిడిగా ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద డిస్కులను లెక్కింపగలిగియు, కలిసినపుడు 528 మెగాబైట్లవద్దనే ఆగిపోయినవి! పిమ్మట సెక్టర్లకు వరుస సంఖ్యలు వేసి, ఆ సంఖ్యకు 28 బిట్లు కేటాయించినారు. అపుడు హద్దు 2 యొక్క 28వ ఘాతమును 512తో గుణింపగా వచ్చు 137 గిగాబైట్లు. ఇంతకు మించిన డిస్కును 28 బిట్ల బయాస్ పూర్తిగా గుర్తింపలేదు.

"ఆపరేటింగ్ సిస్టము లేదు" అను సందేశము

ఇది చూచినవారి గుండె జల్లుమనును. డిస్కులోనిదంతయు పోయినదని భయపడుదురు. నిజమునకు జరిగినది వేరు కావచ్చును. డిస్కు మొదటి 512 బైట్ల చివరి రెండు బైట్లలో 01010101, 10101010 అను గుర్తు ఉన్నచో, దానినుండి పని మొదలిడవచ్చునని బయాస్ గ్రహించును. కొత్తగా కొన్న ఖాళీ డిస్కులో ఈ గుర్తు ఉండదు. కొత్త డిస్కును చేర్చినపుడు బయాస్ దానిని వరుసలో మొదట నిలిపినచో, ఖాళీ డిస్కును చూచి "ఇందులో ఏమియు లేదు" అని చెప్పును. పాత డిస్కు ప్రక్కనే క్షేమముగా ఉండును. బయాస్ అమరికలలోనికి పోయి పాత డిస్కును మొదట నిలిపిన చాలును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఈ దశలో తొందరపడి ఏ డిస్కును ఫార్మాటు చేయరాదు. యంత్రము మేల్కొనకపోవుటవలన మార్కుల పట్టికలు పోవు. మనము కంగారుపడి చేయు పనివలననే అవి పోవును. భాగములు చేర్చుటకు ముందే ముఖ్యమైన ఫైళ్లను వేరొకచోట నకలు చేసి ఉంచుట ఉత్తమము.

పరీక్షించు క్రమము

మొదట ప్లగ్గును గోడనుండి తీయవలెను. ఈ నాటి పవర్ సప్లైలలో మీట ఆపినను బోర్డులో 5 వోల్టుల విద్యుత్తు నిలిచియుండును. పిదప పెట్టె లోహభాగమును చేతితో తాకవలెను. పొడిగాలిలో మన దేహముపై వేల వోల్టుల స్థిర విద్యుత్తు చేరవచ్చును. మనకు తెలియనంతటి చిన్న మెరుపుతోనే చిప్పు చెడిపోగలదు. పవర్ సప్లై పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. అందలి కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తరువాత గూడ ప్రమాదకరమైన విద్యుత్తును నిలువ ఉంచుకొనును.

ఇపుడు కొత్తగా చేర్చిన భాగములనన్నిటిని తీసివేసి యంత్రమును నడిపి చూడవలెను. మేల్కొన్నచో పాత భాగములు క్షేమమని తేలినది. తరువాత మెమొరీ పలకను మాత్రము చేర్చి చూడవలెను. మొరాయించినచో పాత పలకను తీసి, కొత్తదానిని ఒంటరిగా అదే గూటిలో ఉంచి చూడవలెను. ఒంటరిగా పనిచేసినచో పలక మంచిదే. పాతదానితోనో, రెండవ గూటితోనో పొత్తు కుదరలేదు. అట్లే డిస్కును వేరుగా పరీక్షింపవలెను. విడివిడిగా పనిచేసి, రెండును చేర్చినపుడు ఆగిపోయినచో పవర్ సప్లై శక్తి చాలుచున్నదో లేదో చూడవలెను.

కొత్తవి తీసివేసినను మేల్కొననిచో, పనిచేయునపుడు మన చేయి తగిలి ఏ కేబులైన వదులైనదేమో చూడవలెను. తేదీ మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో బోర్డుపైనున్న బిళ్ల బ్యాటరీ అయిపోయినదని అర్థము. బయాస్ అమరికలను కాపాడునది అదే. దానిపై ఉండు 2032 అను సంఖ్య 20 మిల్లీమీటర్ల వ్యాసమును, 3.2 మిల్లీమీటర్ల మందమును తెలుపును. దాని వోల్టేజి 3. పాతదానిని తీయుటకు ముందు బయాస్ అమరికలు కనిపించినచో వానిని వ్రాసికొనవలెను.

ఈ పద్ధతిలో కొత్తదనమేమియు లేదు. లోలకపు ఆవర్తన కాలమును కొలుచునపుడు పొడవును, గుండు బరువును ఒకేసారి మార్చినచో ఫలితమునకు కారణమేదో తెలియదు గదా! ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితమును వ్రాసికొని, ముందునకు పోవలెను. ఈ నియమమును పాటించిన విద్యార్థికి మూలనున్న పాత కంప్యూటరు గూడ ఒక మంచి ప్రయోగశాల. యంత్రము మేల్కొన్నచో పాఠశాలకు ఖర్చు తగ్గును. మేల్కొనకపోయినను, ఏ భాగము పోయినదో నిశ్చయముగా తెలియును.