మోటారు బండికి అదనపు దీపములు: తీగల అమరిక, అందలి శాస్త్రము

పికప్ బండి నేడు మన కుటుంబములలో ననేకములకు జీవనాధారమై యున్నది. గుమ్మిడిపూండి, ఊత్తుకోట, తిరుత్తణి ప్రాంతముల కూరగాయలు, పూలు, పండ్లు రాత్రివేళలందే కోయంబేడు అంగడికి చేరుచున్నవి. కాశిమేడు రేవునుండి చేపల పెట్టెలు తెల్లవారకమునుపే బయలుదేరుచున్నవి. ఈ బండ్లు పెద్ద రోడ్డును విడిచి తోటలలోనికిని, పులికాటు సరస్సు అంచుననున్న ఇసుక బాటలలోనికిని దిగినపుడు, బండితో వచ్చిన రెండు దీపముల వెలుగు చాలదు. గుంత కనబడదు. గట్టు ఎచ్చట తెగినదో తెలియదు. బాట కడ్డముగా పరుండిన ఎనుము దగ్గరకు వచ్చువఱకు చీకటిలో చీకటిగనే యుండును. అందుచేత బండి యజమానులు ముందు కమ్మీకి మఱి రెండు దీపములు బిగించుకొనుచున్నారు. దీపములు కొనుట సులభమే. వానికి తీగలు కలుపుటయందే చిక్కంతయు నున్నది. ఆ పని సరిగా జరుగనిచో దీపము మసకగా వెలుగుటయే కాక, బండికి నిప్పంటుకొను ప్రమాదము గూడ కలదు. తొమ్మిదవ, పదవ తరగతులలో మనము చదువు విద్యుత్ పాఠమునందలి సూత్రములే యిందులకు చాలునని చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మోటారు పరిశ్రమ మన పట్టణమునకు క్రొత్త కాదు. 1948లో మద్రాసున స్థాపితమైన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయ్యెను. బండ్లకు కావలసిన డైనమోలు, స్టార్టరు మోటార్లు మొదలగు విద్యుత్ సామగ్రి చేయుటకు లూకాస్ టీవీఎస్ సంస్థ 1961లో ఏర్పడి పాడి యందు కర్మాగారము నెలకొల్పెను. చెన్నైకి ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో, ఇసుజు సంస్థ 2016లో కర్మాగారము ప్రారంభించి పికప్ బండ్లను తయారుచేయ మొదలిడెను. కర్మాగారమున బండికి తీగలు వేయునపుడు ఏ తీగలో ఎంత ప్రవాహము పోవునో లెక్కకట్టి, దానికి తగిన లావు తీగను, తగిన ఫ్యూజును అమర్చెదరు. అదనముగా మనము చేర్చునది ఆ లెక్కలో లేదు. కాబట్టి దానికి వేఱు లెక్క మనమే వేసికొనవలెను.

మొదట ప్రవాహము సంగతి. బండి బ్యాటరీ 12 వోల్టులది. ఒక్కొక్కటి 55 వాట్లు గల రెండు హాలొజన్ దీపములు బిగించితి మనుకొందము. మొత్తము 110 వాట్లు. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. 110ని 12చే భాగింపగా సుమారు 9.2 ఆంపియర్లు. బొటనవ్రేలంత దీపమునకు ఇంత ప్రవాహమా యని ఆశ్చర్యపడ నక్కరలేదు. మన యింటిలో 230 వోల్టుల కరెంటుతో వెలుగు 110 వాట్ల దీపములకు అర ఆంపియరు చాలును. వోల్టులు తక్కువయైనకొలది అదే పనికి ప్రవాహము హెచ్చవలసి యుండును. బండిలో చిన్న దీపమునకు గూడ లావు తీగ కావలసి వచ్చుటకు కారణ మిదియే.

జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము నిచ్చట ఉపయోగింతము. తీగ నిరోధమును ప్రవాహముచే గుణించిన, ఆ తీగలో పోగొట్టుకొను వోల్టులు తెలియును. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగి తీగ నిరోధము సుమారు 0.0172 ఓములు. బ్యాటరీనుండి దీపములకు 4 మీటర్ల తీగ పట్టిన దనుకొందము. అర చదరపు మిల్లీమీటరు సన్నతీగ వేసినచో నిరోధము 0.138 ఓములగును. 9.2 ఆంపియర్లకు అందు సుమారు 1.27 వోల్టులు పోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో పోవునది 0.25 వోల్టు మాత్రమే.

ఒకటింబావు వోల్టు పోయిన నష్టమేమి యని కొంద రడుగవచ్చును. తంతువు గల దీపమునకు వోల్టులు పదింట నొకవంతు తగ్గిన, వెలుగు సుమారు మూడింట నొకవంతు తగ్గిపోవును. వేలకొలది రూప్యములు పెట్టి కొన్న దీపపు వెలుగులో మూడవవంతు తీగయే మ్రింగివేయు నన్నమాట. మ్రింగినది ఊరకుండదు. సన్నతీగలో ప్రతి క్షణము సుమారు 12 వాట్లు వేడిగా మారుచుండును. గాలి తగులని మూలలో, డీజిలు గొట్టముల ప్రక్కన, నాలుగైదు తీగలతో కలిపి టేపు చుట్టిన కట్టలో ఈ వేడి గంటలకొలది నిలిచిన, తీగపై తొడుగు మెత్తబడి కరగును. అంతట రాగి బండి ఇనుమును తాకును. అప్పుడు ప్రవాహము పదులనుండి వందల ఆంపియర్లకు పెరుగును. నిప్పు పుట్టునది అచ్చటనే.

ఈ ఆపదను నివారించునది ఫ్యూజు. అది కావలెనని బలహీనముగా చేయబడిన తీగముక్క. మితిమీరిన ప్రవాహము రాగానే తాను కరగి మిగిలిన తీగను కాపాడును. ఫ్యూజు దీపమును కాపాడుట కని పలువురు తలంతురు. అది సరికాదు. అది తీగను కాపాడుటకు. కాబట్టి తీగ సురక్షితముగా మోయగల ప్రవాహముకన్న ఫ్యూజు విలువ ఎన్నడును మించరాదు. మన లెక్కలోని 9.2 ఆంపియర్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు తగినది. దీపము వెలిగించిన తొలిక్షణమున తంతువు చల్లగా నుండి, నిరోధము తక్కువయై, ప్రవాహము ఒక్కసారి ఎగయును గావున, 10 ఆంపియర్లది తఱచు కరగవచ్చును. బండ్లలో వాడు రేకు ఫ్యూజులకు రంగుల గుర్తులు కలవు: ఎఱుపు 10, లేతనీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు.

ఫ్యూజును బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోపలనే ఉంచవలెను. దీపము దగ్గర ఉంచినచో, బ్యాటరీకిని ఫ్యూజుకును నడుమనున్న తీగ యంతయు రక్షణలేనిదై పోవును. ఫ్యూజు కరగినపుడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితముగాని, రాగి పోగుగాని చుట్టి పని గడపుట మన ప్రాంతమున కనబడు దురభ్యాసము. ఇంటికి కాపలాయున్న వానిని పంపివేసి తలుపు తెఱచి పరుండుటవంటి దది. ఫ్యూజు కరగిన కారణమును ముందు వెదకి, పిమ్మట అదే విలువ గల క్రొత్తది వేయవలెను.

ఇక స్విచ్చి సంగతి. డ్రైవరు చేతిదగ్గరి చిన్న స్విచ్చి 9 ఆంపియర్లను చిరకాలము మోయజాలదు. అంత లావు తీగను బండి లోపలికి తెచ్చి మరల వెలుపలికి కొనిపోవుటయు మంచిది కాదు. ఇందుకు ఉపాయము రిలే. ఈ మాటకు మూలార్థము మనకు తెలిసినదే. పూర్వము దూరప్రయాణములలో మజిలీ మజిలీకి అలసిన గుఱ్ఱమును విడిచి క్రొత్త గుఱ్ఱమును పూన్చెడివారు. ఆ మార్పు గుఱ్ఱములకే ఐరోపాలో ఈ పేరుండెను. తంతి తపాలా వచ్చిన పిదప, దూరము వచ్చి నీరసించిన ప్రవాహము క్రొత్త బ్యాటరీ ప్రవాహమును మేల్కొలుపు పరికరమునకు ఈ పేరు సంక్రమించెను. దానిలో నున్నది ఇనుప కడ్డీకి చుట్టిన తీగచుట్ట. చుట్టలో స్వల్పప్రవాహము పోగా కడ్డీ అయస్కాంతమై, ఎదుటి రేకును లాగి, పెద్ద ప్రవాహమునకు దారి కలుపును. ప్రవాహము ఆగగానే స్ప్రింగు రేకును వెనుకకు లాగును. బండి రిలే చుట్టకు సుమారు 0.15 ఆంపియరు చాలును. ఇంత స్వల్పప్రవాహమును ఏ చిన్న స్విచ్చియైనను మోయగలదు.

రిలే అడుగున 30, 85, 86, 87 అను అంకెలు చెక్కబడి యుండును. బ్యాటరీ ధనధ్రువమునుండి ఫ్యూజు మీదుగా వచ్చు లావు తీగ 30కి కలుపవలెను. 87నుండి లావు తీగ దీపములకు పోవును. 85, 86 చుట్ట యొక్క రెండు కొనలు. 85ను బండి ఇనుమునకు, అనగా ఎర్తునకు కలుపవలెను. 86కు స్విచ్చినుండి వచ్చు సన్నతీగ కలియును. కొన్ని రిలేలలో 87ఎ అను అయిదవ కాలు గూడ నుండును. అది స్విచ్చి ఆపినపుడు ప్రవాహ మిచ్చునది గనుక దీపములను దానికి కలుపరాదు.

స్విచ్చికి ప్రవాహ మెచ్చటనుండి తేవలెను? ఇచ్చటనే మంచి అమరికకును చెడ్డ అమరికకును భేదము. బండి తలదీపపు హైబీమ్ తీగనుండి తెచ్చుట ఉత్తమము. అట్లు చేసిన, డ్రైవరు ఎదుటి బండిని చూచి వెలుగు దించగానే అదనపు దీపములును తమంతట ఆరిపోవును. మఱచుటకు అవకాశమే యుండదు. క్రొత్త బండ్లలో కొన్నింటియందు తలదీపములను కంప్యూటరు నియమించుచున్నది. అట్టివానిలో ఆ తీగను తాకకమునుపు ఆ కంపెనీ పనివారి నడిగి తెలిసికొనవలెను.

పని ప్రారంభింపకమునుపు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. ధనధ్రువమును ముందు విప్పరాదు. బండి ఇనుమంతయు ఋణధ్రువముతో కలిసియుండును గావున, ధనధ్రువమును విప్పుచున్న స్పానరు బండిని తాకినచో పెద్ద నిప్పురవ్వ లేచును. పని ముగిసిన పిదప ఋణధ్రువమును చివర బిగించవలెను. ఇనుపరేకు రంధ్రముగుండా తీగను దూర్చునపుడు రబ్బరు గ్రోమెట్టు తొడుగవలెను. లేనిచో రేకు అంచు నెలల తరబడి తీగను కోయును. సైలెన్సరు గొట్టమునకును, డీజిలు గొట్టమునకును దూరముగా తీగను నడుపవలెను. ఎర్తు తీగను బిగించుచోట రంగు గీకి, మెఱయు ఇనుముపై లగ్గు వేసి బిగించవలెను. దీపము మినుకుమినుకు మనుటకు కారణము పెక్కుమార్లు ఈ ఎర్తు లోపమే.

మన ఊరి గాలియందు ఉప్పు కలదు. ఉప్పుగాలికి రాగి పచ్చని చిలుము పట్టును. చిలుము పట్టిన అతుకు నిరోధము పెరిగి వేడెక్కును. కాబట్టి తీగలను చేతితో మెలిపెట్టి టేపు చుట్టుట చాలదు. లగ్గులను యంత్రముతో నొక్కించి, వేడికి ముడుచుకొను స్లీవు తొడుగవలెను. రిలే కాళ్లు క్రిందివైపుండునట్లు బిగించిన, నీరు లోపల నిలువదు. 2015 డిసెంబరు వరదలయందును, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానునందును ఎన్నో బండ్లు నీట మునిగినవి. అట్లు మునిగిన బండి అతుకులను ఆరబెట్టి పరీక్షింపక దీపములు వెలిగింపరాదు.

అంతయు ముగిసిన పిదప ఇంజను నడుపుచు పదిహేను నిమిషములు దీపములు వెలిగించి యుంచి, ఆర్పి, ఫ్యూజు గూటిని, అతుకులను చేతితో తాకి చూడవలెను. ఎచ్చట వేడి తోచునో అచ్చట అతుకు వదులని గ్రహించి సరిచేయవలెను.

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమములలోని 111వ నియమము ప్రకారము, రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేక బండి ముందుభాగమున స్పాట్ లైటుగాని సెర్చి లైటుగాని ఉండరాదు. ముందు దీపపు కాంతి, 8 మీటర్ల దూరమున నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తుననున్న కంటికి మిరుమిట్లు గొలుపనంతగా క్రిందికి వంగియుండవలెనని 106వ నియమము చెప్పుచున్నది. కాబట్టి దీపములు కొనకమునుపే ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారించుట మేలు. తోటబాటకై బిగించిన దీపములను పెద్ద రోడ్డెక్కగానే ఆర్పి, మూతలు తొడుగవలెను.

ఇది కేవలము జరిమానాకు వెఱచి చేయవలసినది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు మించి సాగును. కన్ను చెదరిన డ్రైవరు రెండు సెకనులు ఏమియు చూడలేకపోయిన, 33 మీటర్లు గ్రుడ్డిగా నడపినట్లే. ఆ దూరములో సైకిలుపై ఇంటికి పోవు కూలివా డుండవచ్చును. వయసు మీరినకొలది కన్ను తేఱుకొనుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును.

ఇపుడు ఎల్ఈడీ దీపములు హెచ్చుగా వచ్చినవి. అవి తక్కువ ప్రవాహముతో ఎక్కువ వెలుగు నిచ్చును. అయినను లెక్క మారదు. పెట్టెపై వ్రాసిన వాట్లను 12చే భాగించి, ఆంపియర్లు తెలిసికొని, తీగను, ఫ్యూజును నిర్ణయింపవలెను.

విద్యార్థులు బండి బ్యాటరీని తాము స్వయముగా ముట్టరాదు. రిలే యెట్లు పనిచేయునో తెలిసికొనుటకు ఇంటిలోనే చేయదగిన ప్రయోగము కలదు. నాలుగంగుళముల ఇనుప మేకుకు, ఎనామిల్ పూతగల సన్నని రాగి తీగను ఒకే దిశలో నూఱు చుట్లు చుట్టుడు. తీగ రెండు కొనలయందు పూతను గీకివేయుడు. ఆ కొనలను ఒకటిన్నర వోల్టు టార్చి సెల్లుకు తాకించి, మేకును గుండుసూదుల దగ్గరకు తెండు. సూదులు ఎగిరి అతుక్కొనును. ఒక కొన తీసివేసిన, చాలవఱకు రాలిపోవును. తీగ వేడెక్కును గావున నాలుగైదు సెకనులకు మించి తాకింపకుడు. చుట్లు ఏబదికి తగ్గించినపుడు ఎన్ని సూదులు అంటినవో, నూఱింటికి ఎన్ని అంటినవో పట్టికగా వ్రాసికొనుడు. పిదప మీ యింటిలోగాని, ఇరుగుపొరుగునగాని బండికి దీపములు బిగించువారుండిన, ఫ్యూజు ఎచ్చట నున్నదో, దాని రంగేమో చూపుమని వారి నడుగుడు.