స్వహస్తములతో కూర్చుకొను కారు

ఇంగ్లాండులో కొందరు స్పోర్ట్స్ కారును సిద్ధముగా కొనక, భాగములను పెట్టెలలో తెప్పించుకొని, యింటి షెడ్డులో తామే కూర్చుకొందురు. ఈ వినోదమును పెంచినది, వింతగా, పన్ను. 1957లో కాలిన్ చాప్‌మన్ గారి లోటస్ సంస్థ 'సెవెన్' అను తేలికకారును వెలువరించెను. అప్పుడు సిద్ధమైన కారునకు కొనుగోలుపన్ను గలదు, విడిభాగములకు లేదు. 1973లో ఆ పన్ను రద్దయినను అభిరుచి నిలిచినది. ఆ యేడే హక్కులు కొన్న కేటర్‌హామ్ సంస్థ ఆ కారును నేటికిని పెట్టెలలో అమ్ముచున్నది.

ఉక్కుగొట్టముల చట్రము, పైన అల్యూమినియపు రేకులు. బరువు స్వల్పమగుటచే చిన్న యింజనుతోనే వడిగా పరుగెత్తును. సైకిలు విప్పి మరల బిగింపలేక చివాట్లు తిన్న విద్యార్థులకు దీనిని కూర్చుటలోని కష్టము తెలియగలదు.

అన్నిటికంటె బ్రేకులపని ముఖ్యమని మా యభిప్రాయము. మీట తొక్కగా గొట్టములలోని ద్రవము ఆ బలమును చక్రములకు చేర్చును. ద్రవము అణగదు, గాలి యణగును. లోపల గాలి మిగిలినచో మీట మెత్తగా దిగిపోవును, కారు సరిగా నిలువదు. ప్రాణము పోవుట కిది చాలును. కావున నొకరు మీట తొక్కుచుండ, మరియొకరు చక్రముకడ చిన్నమర విప్పి, బుడగలు లేని ద్రవము వచ్చువరకు గాలిని వెడలింతురు.

ప్రభుత్వ పరీక్షకు లంగీకరించిన పిదపనే బాట కెక్కవలయును. అప్పుడు గాలి ముఖమునకు గొట్టుచుండ, ఏ చప్పుడు ఏ మరదో యెరిగి నడుపుదురు.